చలి పొద్దున లేవని కంప్యూటర్

బీదర్,
ఆదివారం మధ్యాహ్నం

నర్సమ్మక్కకు,

నీ చెల్లెలు సరోజ దండాలు పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేను, మీ మరిది, పాప ముగ్గురం బాగున్నాం. అక్కడ నువ్వు, బావ, పిల్లలు బాగున్నారనే అనుకుంటున్నాను. నీ మోకాలి నొప్పి ఎట్లా ఉంది? నేను పంపిన నూనె రాస్తున్నావా, లేక అల్మారాలో దాచిపెట్టావా? కంది కోత అయిపోయి ఉంటుంది. ఈసారి పురుగు పట్టలేదని బావ మొన్న చెబితే సంతోషం అనిపించింది.

ఫోన్ చేద్దామంటే నీకు సరిగ్గా వినపడదు, అరిచి చెప్పాలి. ఇది అరిచి చెప్పే సంగతి కాదు. కన్నడలో రాస్తే నువ్వు ఎవరితోనో చదివించుకోవాలి. అందుకని అమ్మ మనిద్దరికీ పలక మీద దిద్దించిన తెలుగులోనే రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకో. ముందే ఒక మాట చెబుతున్నాను, ఇప్పుడు అంతా బాగానే ఉంది. చదువుతూ భయపడకు. భయమంతా నేను పడ్డాను, అది చాలు.

ఇక్కడ చలి బాగా ఉంది. మన కమలనగర్ వైపు చలి వేరు, ఇక్కడి గాలి వేరు. తెల్లవారితే ఎముకల్లోకి దూరుతుంది. పొద్దున్నే విమానాలు నడపడం నేర్చుకునేవాళ్ళు మా ఇంటి మీదుగా పోతారు. మొదటి నెల ఆ మోతకు పాప చెవులు మూసుకుని నా కొంగులో దూరేది. ఇప్పుడు తల కూడా ఎత్తదు. మీ మరిది బడి వ్యాను నడుపుతున్నాడు, పొద్దున ఆరింటికే పోతాడు. అంగట్లో పట్టించిన జొన్నపిండికి మన పిండి రుచి లేదు, రొట్టె అంచులు పగులుతాయి. పక్కింటి ఆమె మరాఠీ మనిషి, మంచిదే, కానీ మనసు విప్పి మాట్లాడుకునేంత భాష మా ఇద్దరికీ రాదు. సాయంత్రం పూట నువ్వు గుర్తుకొస్తావు. ఏడుస్తున్నానని అనుకోకు. ఊరికే గుర్తుకొస్తావు.

నేను ఒక కాన్పుల ఆసుపత్రిలో కంప్యూటర్ పని చేస్తున్నానని నీకు తెలుసు. చిన్న ఆసుపత్రి. కింద మందుల దుకాణం, పైన పది మంచాలు, ఆపరేషన్ గది, ఒక మూలన నా బల్ల. డాక్టర్ మేడం వాళ్ళది జహీరాబాద్ వైపు, నాతో మన మాటే మాట్లాడుతుంది. లెక్కలు, మనుషుల సంగతి చూసేది మేనేజర్ సంగప్ప సారు.

నేను చేరే ముందు వానాకాలంలో పాత కాగితాల గది కారి, సగం కాగితాలు తడిసిపోయాయట. చేరగానే మేడం నాకు అప్పగించిన పని అదే. ఆ తడిసిన చీటీలన్నీ ఒక్కొక్కటి విప్పి, చదివి, కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. ఎవరికి ఎన్నో కాన్పు, ఏం మందులిచ్చారు, ఏది పడింది, ఏది పడలేదు, అన్నీ. ఎక్కించిన తర్వాత బూజు పట్టిన కాగితాలు కాల్చేసేవాళ్ళు. ప్రతి శనివారం అదంతా పెన్ డ్రైవ్‌లోకి కూడా దించి మేడం సొరుగులో పెట్టాలి. ఇది మొదటి రోజే చెప్పారు.

అక్కా, ఆ పని నేను చేయలేదు. ఆరు వారాలు చేయలేదు.

ఎందుకో నీకు కాక ఇంకెవరికి తెలుస్తుంది. నాయిన మోటరు స్టార్టర్ డబ్బా మీద చెయ్యి వేసి, అట్లాగే పడిపోయిన నాటి నుంచి నాకు కరెంటు అంటే ప్రాణం పోయినట్టు ఉంటుంది. ఇంట్లో స్విచ్చులు కూడా పాప చేతనో, మీ మరిది చేతనో వేయిస్తాను. ఆ కంప్యూటర్‌లో పెన్ డ్రైవ్ పెట్టాలంటే బల్ల కింద వంగి, డబ్బా వెనుక చెయ్యి పెట్టాలి. చేరిన రెండో వారమే అక్కడి ఇనుము తగిలి వేలు జివ్వుమంది. చీమ కుట్టినంతే. కానీ ఆ రోజు అన్నం తినలేకపోయాను. ఎవరికైనా చెబితే, కరెంటుకు భయపడేదానికి కంప్యూటర్ పని ఎందుకని పంపించేస్తారని చెప్పలేదు. శనివారం రాగానే ఖాళీ పెన్ డ్రైవ్ తీసి మళ్ళీ సొరుగులోనే పెట్టేదాన్ని. చూసేవాళ్ళకు పని చేసినట్టే ఉండేది.

చలి మొదలైనప్పటి నుంచి కంప్యూటర్ మొరాయించడం మొదలుపెట్టింది. పొద్దున వచ్చి బటన్ నొక్కితే లోపల ఫ్యాను సగం చుట్టు తిరిగి ఆగిపోతుంది. మళ్ళీ నొక్కితే అంతే. నాలుగోసారో, ఐదోసారో లేస్తుంది. ఒకసారి లేచిందంటే సాయంత్రం దాకా ఏ తిప్పలూ పెట్టదు. సంగప్ప సారుకు చెబితే రిపేరు చేసే బషీర్ భాయిని పిలిపించాడు. బషీర్ భాయి ఎప్పుడు వచ్చినా మధ్యాహ్నం రెండు, మూడు గంటలకే వస్తాడు. ఆయన నొక్కగానే కంప్యూటర్ బుద్ధిమంతుడిలా లేచి కూర్చుంటుంది. మూడుసార్లు వచ్చాడు, మూడుసార్లూ అదే జరిగింది.

“నా ముందల ఒక్క దఫా గూడ బంద్ కాలే బెహన్. బీమారే లేనిదానికి దవా ఏమియ్యాలె?” అన్నాడు, రోగమే లేనిదానికి మందేమిటని, పాపం నవ్వుతూనే.

సంగప్ప సారు నవ్వలేదు. “అందరి ముందర బరాబర్ నడుస్తది. నీ ముందర్నే ఎందుకు నడవదమ్మా? పని చేసే మనసు లేకుంటే చెప్పు, వేరేవాళ్ళను చూసుకుంటం,” అన్నాడు.

నాకు ముందు పనిచేసిన అమ్మాయిని కూడా ఇట్లాగే మాటలని పంపించారని నర్సు చెప్పింది. ఆ రోజు నుంచి రాత్రి పడుకున్నా ఆ బటనే కళ్ళ ముందు ఉండేది. క్యాలెండర్ వెనుక రాయడం మొదలుపెట్టాను, ఏ పొద్దున ఎన్నిసార్లు నొక్కితే లేచిందో. నాలుగు. ఆరు. ఆరు. తొమ్మిది. చివరికి భయం వేసి, సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు దాన్ని ఆర్పడమే మానేశాను. రాత్రంతా అట్లాగే నడవనిచ్చి పోయేదాన్ని.

పదకొండు రోజుల కింద, బుధవారం తెల్లవారుజామున ఆ వీధిలో కరెంటు పోయింది. ఆసుపత్రి జనరేటర్ ఆపరేషన్ గదికి, మంచాల గదికే. నా బల్లకు రాదు. ఏడింటికి నేను వెళ్ళేసరికి కరెంటు వచ్చింది కానీ కంప్యూటర్ చల్లగా, నల్లగా ఉంది. నొక్కాను. సగం చుట్టు, ఆగింది. పదిసార్లు నొక్కాను, పదిహేనుసార్లు నొక్కాను. ఆ తర్వాత లెక్క మరచిపోయాను.

అప్పుడే కింద ఒక ఆటో ఆగింది. చిమ్కోడ్ నుంచి రేణుక అనే పిల్లను తెచ్చారు. ఎనిమిది నెలలు నిండిన కడుపు. దారిలో ఫిట్స్ వచ్చి, ఒంటి మీద తెలివి లేదు. వెంట అత్త ఒక్కతే ఉంది. భర్త పని మీద పూణె పోయాడట, ఫోన్ కలవడం లేదు. మేడం పరుగున వచ్చి చూసింది, ఏదో మందు ఎక్కించింది. ఆపరేషన్ చేసి బిడ్డను తీయాల్సిందేనని చెప్పింది. అప్పుడు ఆ అత్త మేడం చెయ్యి పట్టుకుంది.

“పోయినసారి గూడ గిక్కడ్నే కాన్పయింది తల్లీ. ఏదో సూది ఇస్తే మొఖమంత ఉబ్బింది, దమ్ము ఆగింది, బతుకదనుకున్నం. గా సూది మళ్ళ ఎన్నడు ఇయ్యద్దని ఎర్ర సిరతోని రాసిండ్రు. మా దగ్గరున్న చీటీ పోయింది.”

“ఏం సూది? పేరేంది?”

“నాకేం తెలుస్తది తల్లీ. సదువుకున్నదాన్నా.”

మేడం నా వైపు తిరిగింది. “సరోజా, పాత చీటీలు నువ్వే ఎక్కించినవ్ గద. జల్ది తియ్యి. ఆపరేషన్ ముందల ఇచ్చేటియి రెండు మూడు ఉంటయి. ఏది పడదో తెల్వకుండ ఎట్లియ్యాలె? మార్చి ఇద్దమన్న, మార్చిందే గదైతే?”

అక్కా, ఆ చీటీ నేను చూశాను. నా చేతులతో విప్పాను. తడికి ఎర్ర సిరా పాకి, పేరు చుట్టూ వలయం గీసి ఉంది. ఆ వలయం కళ్ళకు కట్టినట్టు గుర్తుంది. లోపలి పేరు గుర్తు లేదు. ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. ఆ కాగితాన్ని కాల్చిన మంట కూడా గుర్తుంది.

“మేడం, కంప్యూటర్ చాలూ అయితలేదు,” అన్నాను.

“పెన్ డ్రైవ్ల ఉంటది గద?”

“దాంట్ల లేదు మేడం.”

ఎందుకు లేదని అడిగే తీరిక ఆమెకు లేదు. నన్ను ఒక్క చూపు చూసింది. “అన్నీ తయారు చేసేటందుకు పావుగంట పడతది. గంతల చూడు,” అని లోపలికి పోయింది.

రేణుక అత్త నా బల్ల పక్కనే నేల మీద కూర్చుంది. నా ముఖమే చూస్తోంది. నేను బషీర్ భాయికి ఫోన్ చేశాను. ఆయన హుమ్నాబాద్‌లో పెళ్ళిలో ఉన్నాడు. నేను ఏం చెప్పానో నాకే తెలియదు. అదే సమయానికి పైన విమానం పోతోంది, ఆయన మాట వినపడక ఫోన్‌ను చెవికి అదుముకుని నిలబడ్డాను.

“డరో నక్కో బెహన్, భయపడకు. నేను చెప్పింది చెప్పినట్టు చెయ్యి. గోడకెల్లి ప్లగ్గు పీకు. బటన్ నొక్కిపట్టి ముప్పై దాక లెక్కపెట్టు. మళ్ళ పెట్టు. ఎక్స్‌టెన్షన్ల వద్దు, సీదా గోడలనే.”

పళ్ళు బిగబట్టి చేశాను. ఫ్యాను సగం చుట్టు తిరిగి ఆగింది. మళ్ళీ చేయమన్నాడు. మళ్ళీ అంతే.

“ఎప్పుడెప్పుడు లేస్తలేదు?” అని అడిగాడు.

“పొద్దుగాలనే భాయ్. ఎండెక్కినంక లేస్తది. నాలుగు సార్లకు లేస్తుండె, తర్వాత ఆరు, తర్వాత తొమ్మిది. రాసిపెట్టిన.”

ఆ అంకెలు మళ్ళీ ఒకసారి చెప్పించుకున్నాడు. “ఈ మాట ముందుగాల ఎందుకు చెప్పలే? నేను మధ్యాన్నం వచ్చి చూసి పోతి. కరెంటిచ్చే డబ్బా లోపల ముసలిదయింది. చలికి లేస్తలేదు. నీ రాతలకు ఏం కాలే, అవన్ని డిస్కుల ఉంటయి. కింద మందుల దుకాన్ల కంప్యూటర్ గిదే రకం, రెండు ఒక్కదినమే కొన్నరు. నీ డిస్కు తీసి దాంట్ల పెట్టు.”

“నేనా?”

“ఇంకెవరున్నరు బెహన్?”

ఎవరూ లేరు. సంగప్ప సారు తొమ్మిదింటికి గానీ రాడు. నర్సులిద్దరూ లోపల ఉన్నారు. జనరేటర్ దగ్గర ఉన్న స్క్రూడ్రైవర్ తెచ్చాను. ప్లగ్గు పీకి, డబ్బా పక్క రేకు విప్పితే లోపలంతా తీగలు, దుమ్ము. నాకు నాయిన చెయ్యి కనిపించింది అక్కా. అబద్ధం ఎందుకు చెప్పాలి. నా చెయ్యి ముందుకు పోలేదు.

“భాయ్, నాకు భయమైతాంది. షాక్ కొడితే?” అన్నాను.

“ప్లగ్గు ఏడుంది?”

“కింద.”

“చేతిలకు తీసుకో. చూస్తున్నవా? నీ కంప్యూటర్‌కు కరెంటొచ్చే తోవ గదొక్కటే. గది నీ దగ్గరున్నంత సేపు లోపల్నుంచి నిన్ను ఏది ఏం చేయలేదు. నడుముల చెక్కుకో. రెండు చేతులు పెట్టు.”

ప్లగ్గును చీర కుచ్చిళ్ళ దగ్గర నడుములో దోపుకున్నాను. ఫోన్ స్పీకర్ పెట్టి నేల మీద ఉంచాను. కళ్ళు ఒకసారి మూసుకుని చేతులు లోపల పెట్టాను. ఏమీ కాలేదు. ఇనుము చల్లగా ఉంది, అంతే. వెడల్పు తీగ ఒకటి, సన్న తీగ ఒకటి పీకమన్నాడు. స్క్రూలు విప్పమన్నాడు. ఒక స్క్రూ జారి ఎక్కడో పడిపోయింది, దాన్ని వెతకలేదు. అరచేతిలో పట్టేంత డిస్కు బయటికి వచ్చింది. దాన్ని కొంగులో చుట్టుకుని మెట్లు దిగాను. రేణుక అత్త నా వెనకే వచ్చింది.

మందుల దుకాణం వీరన్న అప్పుడే దుకాణం తెరిచి దేవుడి పటానికి ఊదుబత్తి పెడుతున్నాడు. సంగతి చెబితే వెనక్కి జరిగాడు.

“నా కంప్యూటర్ విప్పుతవా? గది గూడ పోతే? మాలికుకు నేనేం జవాబు చెప్పాలె?”

రేణుక అత్త ముందుకొచ్చి, “అన్నా, నా కోడలు పైన పడున్నది. కడుపుల బిడ్డున్నది,” అంది. గట్టిగా కూడా అనలేదు. వీరన్న ఊదుబత్తి పక్కన పెట్టాడు. తనే వంగి గోడ నుంచి ప్లగ్గు పీకాడు.

ఆ ప్లగ్గును కూడా అడిగి తీసుకుని నడుములో దోపుకున్నాను. రేకు విప్పాను. దాని డిస్కుకు ఉన్న రెండు తీగలు పీకి మాదానికి పెట్టాను. ప్లగ్గు గోడలో పెట్టాల్సి వచ్చినప్పుడు నా చెయ్యి మళ్ళీ ఆగింది. నేనే పెట్టాను. బటన్ నొక్కాను. ఫ్యాను తిరిగింది. సగం చుట్టు, ముప్పావు, తిరుగుతూనే ఉంది. తెర మీద చుక్కలు గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి. ఎంతసేపు తిరిగాయో తెలియదు. వీరన్న, అత్త, నేను, ముగ్గురం ఆ చుక్కలనే చూశాం. పైనుంచి నర్సు, “మేడం అడుగుతాంది,” అని రెండుసార్లు అరిచింది.

తెరుచుకుంది. రేణుక అని కొడితే ముగ్గురు రేణుకలు వచ్చారు. చిమ్కోడ్ రేణుక ఒక్కతే. కిందికి జరిపితే, పడని మందు అని నేను ఎక్కించిన వరుసలో పేరు ఉంది. కాగితం వెతికే ఓపిక లేక అరచేతి మీద పెన్నుతో ఒక్కో అక్షరం రాసుకున్నాను. తప్పు రాశానేమోనని మళ్ళీ తెర వైపు, చేతి వైపు రెండుసార్లు చూసుకుని పైకి పరుగెత్తాను.

మేడం ముఖానికి గుడ్డ కట్టుకుని ఉంది. నా చెయ్యి చదివింది. పక్కన పళ్ళెంలో వరుసగా పెట్టిన సీసాల్లోంచి ఒకటి తీసి దూరంగా పెట్టింది. తలుపు మూసుకుంది.

ఆడపిల్ల పుట్టింది అక్కా. తక్కువ బరువుతో పుట్టింది కానీ ఏడుపు మెట్ల దాకా వినపడింది. రేణుకకు సాయంత్రానికి తెలివి వచ్చింది. మీ మరిదికి కూడా ఇదంతా ఇంకా పూర్తిగా చెప్పలేదు. నీకే మొదట రాస్తున్నాను.

మర్నాడు మేడం పిలిచింది. సంగప్ప సారు కూడా ఉన్నాడు. పెన్ డ్రైవ్ ఆమె బల్ల మీద ఉంది. ఖాళీ అని చూసి ఉంటుంది. దారిలో పోతూ ఎన్నో సాకులు అనుకున్నాను. అక్కడికి వెళ్ళాక ఒక్కటీ చెప్పాలనిపించలేదు. వేలు జివ్వుమన్న సంగతి, నాయిన సంగతి, ఆరు శనివారాలు ఖాళీది లోపల పెట్టిన సంగతి అన్నీ చెప్పాను.

“చూసినరా మేడం, నేను మొదట్నుంచి అంటున్న,” అన్నాడు సంగప్ప సారు.

మేడం నా వైపే తిరిగింది. “దూరంగ పెట్టిన సీసా చూసినవ్ గద సరోజా. అదే ముందల ఇయ్యబోతుంటి. నిన్నటి సంది నాకు గూడ చేతులు నిలుస్తలేవు,” అంది. పెన్ డ్రైవ్ నా ముందుకు జరిపి, “భయమైతే తప్పు లేదు. భయమైతాందని చెప్పాలె. దాచిపెడితే ఇంకొకరి పానం మీదికొస్తది. మల్లొక్కపారి దాస్తే నేనుంచుకోను,” అంది.

ఆ మాట నాకు గట్టిగానే తగిలింది. తగలాల్సిందే.

అదే రోజు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించింది. అతను నా బల్ల వెనుక గోడలోని సాకెట్ విప్పి చూసి, ఎర్త్ తీగ కలపనే లేదని చెప్పాడు. కట్టినప్పటి నుంచి అట్లాగే ఉందట. ఇనుము తగిలితే జివ్వుమనేది అందుకేనట. నా వేలిది ఒట్టి అనుమానం కాదని తెలిసి సంతోషపడాలో, ఆ మాట ముందే చెప్పనందుకు సిగ్గుపడాలో అర్థం కాలేదు. సంగప్ప సారు ఆ సాకెట్ వైపు చూసి, మిగతా గదులవి కూడా విప్పి చూడమని అతనికి చెప్పి వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి ఎత్తిపొడుపు మాటలు మానేశాడు. బషీర్ భాయి మొన్న వచ్చి కరెంటిచ్చే పాత డబ్బా తీసి కొత్తది వేశాడు. ఈసారి పొద్దున ఏడింటికే వచ్చాడు. ఇప్పుడు ఒక్క నొక్కుకు లేస్తోంది.

నీకు ఒక పని చెబుతాను, మరచిపోకు. బావను మన మోటరు డబ్బాకు ఎర్త్ తీగ ఉందో లేదో ఎవరైనా తెలిసినవాళ్ళతో చూపించమను. రేపు మాపు అనొద్దని నేను చెప్పానని చెప్పు. భాల్కి సంతకు పోతే పాపకు ఒక ఉన్ని టోపీ తెచ్చి, వచ్చేవాళ్ళ చేత పంపించు. ఇక్కడివి పలచగా ఉన్నాయి.

నిన్న శనివారం. వంగి డబ్బా వెనుక పెన్ డ్రైవ్ పెట్టాను. చెయ్యి వణికింది. వణుకుతూనే పెట్టాను. భయం పోయిందని నీకు రాయను, పోలేదు. అది దిగుతుండగానే రేణుకను ఇంటికి పంపిస్తున్నారని కాగితాలు నా దగ్గరికి వచ్చాయి. నేను ఎవరో ఆమెకు తెలియదు. అత్త కింద ఆటో మాట్లాడుతోంది. వేలిముద్ర కాదు, సంతకమే పెడతానని రేణుక బిడ్డను నా చేతికిచ్చింది. గుడ్డలో చుట్టిన వెచ్చటి ముద్ద, మన కుంచెడు జొన్నలంత బరువు కూడా లేదు. నా చేతులు చూసి రేణుక నవ్వింది.

“నీకు పిల్లల్లేరా అక్కా? గట్ల వణుకుతున్నయి చేతులు.”

“ఒక పాప ఉంది,” అన్నాను. ఆమె తన పేరు నిదానంగా, ఒక్కో అక్షరం దిద్దినట్టు రాసేదాకా ఆ పిల్లను అట్లాగే పట్టుకున్నాను.

బావకు నా నమస్కారం చెప్పు. చిన్నమ్మ కాళ్ళకు నా తరఫున మొక్కు. పిల్లలకు ముద్దులు. నీ చెయ్యి నా తల మీద ఉందనుకునే ఇక్కడ పొద్దు గడుపుతున్నాను. అది తియ్యకు. నీ క్షేమం నాలుగు ముక్కలైనా నీ చేత్తోనే రాయి.

నీ చెల్లెలు
సరోజ